రాళ్ల తోటలో మేము

మాది కర్నూలు. మేమంటే అన్నదమ్ములం ఇద్దరం, మా సంసారాలు, మా అమ్మ. చెల్లెల్ని ఆదోనిలో ఇచ్చాం. ఇంకొంచెం విడమరిచి చెప్పమంటే దూదేకులోళ్లం. కాగితాల మీద నూర్‌బాషలమని రాస్తారు. కొన్ని ఊళ్లలో పింజారోళ్లంటారు. లద్దాఫ్ అని ఇంకో పేరుంది. ప్రభుత్వం ఈ పేర్లన్నీ ఒకే వరసలో చేర్చి బీసీ-బి లో పెట్టింది. ఇన్ని పేర్లున్న మమ్మల్ని ఎదుటిమనిషి అడిగే ప్రశ్నలు మాత్రం రెండే. హిందువైతే "మీరు సాయిబులు గదా, తెలుగు ఇంత బాగా ఎట్లొచ్చింది?" అంటాడు. ఉర్దూ మాట్లాడే సాయిబైతే "మీరు ముసల్మానులే అయితే ఉర్దూ ఎందుకు రాదు?" అంటాడు. రెంటికీ మా జవాబు ఒకటే. మా ఇంట్లో తాతల కాడినుంచీ తెలుగే. 2016లో మా ఊళ్లోనే డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరుమీద ఉర్దూ విశ్వవిద్యాలయం పెట్టారు. సంతోషమే. ఆ బోర్డు మీది ఉర్దూ అక్షరాలు చదవడం మాకు చేతకాదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, పోయిన జనవరిలో మేమందరం కలిసి ఒక తోట చూడటానికి పోయాం. మామిడితోటా కాదు, నిమ్మతోటా కాదు. రాళ్ల తోట.

మా చెల్లెలి కొడుకు జపాన్‌లో ఉంటాడు. ఒసాకాలో కంప్యూటర్ల ఉద్యోగం. ఇరవై రోజుల సెలవు మీద వచ్చినప్పుడు, ఒక రాత్రి మిద్దె మీద కూచుని సెల్లులో ఫోటోలు చూపించాడు. తెల్లటి గులకరాళ్లు పరిచిన నేల, దాన్లో అక్కడక్కడా పెద్దరాళ్లు, చుట్టూ మట్టిగోడ. అంతే. మా అమ్మ సెల్లును కండ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదేం తోటరా అబ్బీ? చెట్టు లేదు, చేమ లేదు, చుక్క నీళ్లు లేవు. మన కొలిమిగుండ్ల దావ మాదిరుండాది" అంది.

"అదే అవ్వా దీని గొప్ప" అన్నాడు వాడు.

క్యోటో అనే ఊళ్లో ర్యోఆన్‌జీ అనే బౌద్ధ ఆలయం ఉందట. ఈ తోట దాన్లోది. ఇరవై అయిదు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. దాన్లో పదిహేను రాళ్లు, అయిదు గుంపులుగా. సన్యాసులు రోజూ పండ్లగొర్రు లాంటిదాంతో గులకరాళ్ల మీద గీతలు గీస్తారు. ఆ గీతలే అలలు. రాళ్లే కొండలు, దీవులు. నీళ్లు లేకుండా నీళ్లను చూపించే తోట. ఈ రకం తోటల్ని వాళ్లు కరెసన్సుయి అంటారు. ఎండిన కొండా నీళ్లూ అని ఆ మాటకు అర్థమట. 1797లో ఆ గుడి కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. నడుమ ఎప్పుడో గోడ మీద పెంకులు కప్పితే, 1977లో ఆ పెంకులు తీసేసి పూర్వం ఉన్నట్టే చెట్టుబెరడు కప్పారు. 1994లో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చారు. గోడ మీది కప్పు సంగతి విన్నప్పుడు మాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుమ్మటం ఉంది. దాని పక్కన ఏం పారేస్తున్నారో, గోడల మీద ఏం రాస్తున్నారో చూస్తే జపాన్ వాళ్ల బెరడు సంగతి ఎవరికీ చెప్పబుద్ధి కాదు.

తోట అనే మాట వింటే ముసల్మానుకు ముందు నీళ్లు గుర్తొస్తాయి. స్వర్గాన్ని తోట అనే చెప్పారు. కింద ఏర్లు పారే తోట. మొగలులు చార్‌బాగ్ అని నాలుగు కాలవలు తీసి నడుమ నీటితొట్టి కట్టింది ఆ లెక్కలోనే. ఎడారిలో పుట్టిన మతానికి నీళ్లే స్వర్గం కావడంలో వింతేముంది? మాది ఎడారి కాదు గాని పెద్ద తేడా లేదు. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు నుంచి కడప దాకా కె.సి. కాలువ తవ్వింది. కంపెనీ నష్టపోతే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆ కాలువ కిందున్నోడు వరి తిన్నాడు. కాలువకు ఎగువనున్నోడు ఆకాశం చూశాడు. మా తాతలు ఎగువనున్నోళ్లు. వాళ్లకు పొలమూ లేదనుకోండి, ఉన్నది విల్లు. ఇక నీళ్లు మా మీద దయతలిచి వచ్చింది ఒక్కసారే, 2009 అక్టోబరులో. తుంగభద్రా హంద్రీ కలిసి ఊళ్లోకొచ్చాయి. పాతబస్తీ మునిగింది. మా ఇంట్లో కొత్తగా కుట్టిన పరుపులు నీళ్లు తాగి పీనుగుల్లా బరువెక్కితే నలుగురం మోసి వీధిలో పడేశాం. నీళ్లు లేని తోట చూసి వాడు అంత మురిసిపోవడం మాకు అర్థమైంది.

"మామా, మన ఓర్వకల్లు రాళ్లు జపానోళ్లు చూస్తే కండ్లకద్దుకుంటారు. వాళ్లు ఒక్కో రాయి ఏరుకొచ్చి పెట్టుకున్నారు. మనకు దేవుడు పెట్టిచ్చినాడు. పోదాం పాండి" అన్నాడు.

అట్లా బయల్దేరాం. ఒక తుఫాను బండి మాట్లాడుకున్నాం. పదకొండు మందిమి. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పచ్చడి, ఎర్రగడ్డలు, వంకాయ కూర, పెరుగన్నం కట్టుకున్నాం. బండి డ్రైవరు గిన్నెల మూతలు చూసి "ఏం సామీ, సాయిబుల బండిలో బిరియానీ లేదా?" అని నిజంగానే బాధపడ్డాడు.

కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు దాటితే ఓర్వకల్లు. 2021లో విమానాశ్రయం వచ్చింది అక్కడే. రోడ్డు మీంచి పోయేటప్పుడు మేం ఆ రాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. నంద్యాలకు దూది కోసం పోయిన మా నాయన ఆ రాళ్ల నీడలో సైకిలు ఆపి రొట్టె తినేవాడట. అప్పుడది తోట కాదు, గుట్టలు. తర్వాత టూరిజం వాళ్లు దారులు వేసి, మెట్లు కట్టి, రాళ్ల నడుమ నిలిచిన నీళ్లను ఒక చెరువుగా తీర్చి, గేటు పెట్టి, దానికి రాక్ గార్డెన్ అని పేరు పెట్టారు. మంచి పనే. లేకపోతే ఈపాటికి కంకర మిషన్లు మింగేసేవి. మా జిల్లాలో రాయి అనేది మిషన్లోకి పోకుండా మిగలాలంటే దానికి దేవుడన్నా అండగా ఉండాలి, టిక్కెట్టన్నా ఉండాలి.

గేటు దగ్గర టిక్కెట్లిచ్చే పిల్లోడు మమ్మల్ని ఎగాదిగా చూశాడు. వాణ్ణి అనుకోవడానికి లేదు. మా అమ్మ ముదురు ఎరుపు నేతచీర, మెడలో నల్లపూసలు, పాత రకం ముక్కుపుడక. మా చెల్లెలు నల్ల బురఖా. మా ఆడోళ్లిద్దరూ కొంగు తల మీదికి లాక్కున్న చీరలు. పిల్లలు జీన్సు ప్యాంట్లు. మేమిద్దరం గడ్డాల్లేని మనుషులం.

"మీరంతా ఒకే ఇల్లేనా?" అన్నాడు వాడు.

"ఒకే కడుపురా నాయనా" అంది మా అమ్మ.

మా ఇంటి చరిత్ర కావాలన్నోళ్లకు ఆ రోజు గేటు దగ్గర మమ్మల్ని వరసగా నిలబెట్టి చూపిస్తే చాలు. మా అమ్మ పెళ్లైన కొత్తలో బొట్టు కూడా పెట్టుకునేదట. పీర్ల పండగకు గుండం చుట్టూ తిరిగేది, ఉగాదికి పచ్చడి చేసేది, కడప పెద్దదర్గాకు మొక్కుకునేది. నమాజు రాదు. ఎవరూ నేర్పలేదు. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలిన తర్వాత ఊళ్లో రెండు వైపులా మమ్మల్ని ఒక మాట అడగడం మొదలుపెట్టారు. మీరెటు? అదివరకు ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు, కనక జవాబు తయారుగా లేదు. మా చెల్లెలికి అప్పుడు పదిహేనేండ్లు. పక్కింటి ఉర్దూ సాయిబుల ఆడపిల్లలతో పోయి ఖురాను చదవడం నేర్చుకుంది, అయిదు పూటలా నమాజు పట్టింది. పెళ్లయ్యాక బురఖా వేసింది. మేం అన్నలం, ఒకడు చిన్న ఉద్యోగం, ఒకడు ఫోము పరుపుల కొట్టు, శుక్రవారానికి మసీదుకు పోయేవాళ్లం, మిగతా రోజులు ఎవరన్నా అడిగితే తప్ప ముసల్మానులం కాము. నిజం చెప్పడానికి ఇప్పుడు సిగ్గెందుకు?

లోపలికి పోయాక మాత్రం అందరం చిన్నపిల్లలమై పోయాం. ఏం రాళ్లవి! ఒకటి పడగ విప్పిన పాము, ఒకటి మోకాళ్ల మీద కూచున్న ముసలోడు, ఒకటి దొంతు పెట్టిన రొట్టెలు. పలుగురాయి ఎండకు తళుక్కుమంటుంది. ఒక బండ మీద ఇంకో బండ, రెంటి నడుమ చెయ్యి పట్టేంత సందు, తోస్తే పడిపోతుందేమో అన్నట్టుంటాయి, కొన్ని వేల ఏండ్ల నుంచి పడలేదు. సందుల్లో తంగేడు, గడ్డి, అక్కడక్కడా ఎండుకంప. అడుగున చెరువులో నీళ్లు పచ్చగా కదలకుండా ఉన్నాయి. సినిమాలోళ్లు ఇక్కడ పాటలూ పోట్లాటలూ తీస్తుంటారు. మా చిన్నోడు ఒక బండెక్కి ఎవరో హీరో మాదిరి నిలబడితే కిందనుంచి నలుగురు తెలియని పిల్లలు ఈలలేశారు.

మేనల్లుడు మాత్రం మాటిమాటికీ ఆగి చూస్తున్నాడు. ఆ క్యోటో తోటలో ఒక సంగతుందన్నాడు. వసారాలో ఎక్కడ కూచుని చూసినా పద్నాలుగు రాళ్లే కనిపిస్తాయి. పదిహేనోది ఏదో ఒకదాని వెనక దాక్కుంటుంది. జరిగి కూచుంటే అది కనిపిస్తుంది, ఇంకోటి మాయమవుతుంది. మేం ఇక్కడ అదే లెక్క పెడదామని చూశాం. పది దాకా పోయి గందరగోళమైంది. పిల్లలు ఎవరి లెక్క వాళ్లు చెప్పి కొట్లాడుకున్నారు.

మా అమ్మకు రాయి అంటే ఒకే కథ. దూదేకుల సిద్ధయ్య. కడప జిల్లా ముడుమాల పిల్లోడు, సాయిబుల బిడ్డ, పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యుడైనాడు. మతం చెడగొడుతున్నారని నవాబు దగ్గరికి ఫిర్యాదు పోతే, నీ గురువు నేర్పిందేమిటో చూపించమన్నారట. సిద్ధయ్య ఎదుటనున్న బండను చూస్తే అది చూపుకే పగిలిపోయిందట. 1984లో ఎన్.టి. రామారావు తీసిన సినిమాలో బాలకృష్ణ సిద్ధయ్య వేషం వేశాడు. మా వీధి వీధంతా బండ్లు కట్టుకుని చూసొచ్చింది. తెర మీద మా కులపోడు కనిపించింది ఆ ఒక్కసారే. "మన సిద్ధయ్య చూసిన బండ ఇంత ఉంటాది" అని మా అమ్మ ఒక రాయి మీద చెయ్యేసి మనవరాళ్లకు చెప్పింది. మా చెల్లెలికి ఆ కథ నచ్చదు. "అమ్మా, అవన్నీ షిర్కు మాటలు" అంటుంది. అమ్మ "నీ మాట నీది, నా బండ నాది" అంటుంది. ఇది మా ఇంట్లో ముప్పై ఏండ్ల నుంచి నడుస్తున్న వాదం, ఇద్దరూ గెలవరు, ఇద్దరూ అన్నం మానరు.

తిన్నాం. ఒంటిగంటన్నర దాటింది. మా చెల్లెలు బాటిలు నీళ్లతో వజూ చేసుకుంది. బండి లోంచి జానిమాజు తెచ్చుకుని, చదునుగా ఉన్న ఒక బండ పక్క పరుచుకుంది. దారికి పది అడుగుల దూరం ఉంటుందేమో. అప్పుడే కాలేజీ పిల్లలు ఒక పదిహేను మంది అటువైపు వస్తున్నారు. వాళ్ల నవ్వులు ఒక్కసారిగా తగ్గాయి. ఒకడు సెల్లు పైకెత్తాడు. వాళ్ల వెనక కుటుంబంతో వస్తున్న ఒక పెద్దమనిషి, మంచి బట్టల్లో ఉన్నాడు, గట్టిగానే అన్నాడు, "ఇది గార్డెనా మసీదా?"

అంతే. ఇంకేం జరగలేదు. ఎవరూ మీదికి రాలేదు, ఎవరూ తిట్టలేదు. మేమే లేచాం. అన్నదమ్ములం ఇద్దరం, ఒకరికొకరం చెప్పుకోకుండానే, ఒకేసారి లేచి చెల్లెలి దగ్గరికి పోయాం.

"కార్లోకి పోయి చదువుకోరాదూ" అన్నాం.

చెల్లెలు మా వైపు చూసింది. బురఖా లోంచి కండ్లే కనిపిస్తాయి, ఆ కండ్లు మాకు బాగా తెలుసు. ఏమీ అనలేదు. జానిమాజు చుట్టి చంకన పెట్టుకుంది. బండి వైపు పోలేదు. ఆ పెద్ద బండ చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. దారిలోంచి చూస్తే కనపడదు. మేమిద్దరం బండకు ఇవతల, చేతులు కట్టుకుని, పాటలు వింటున్నోళ్లలా ముఖాలు పెట్టుకుని కాపలా నిలబడ్డాం. ఆ పెద్దమనిషి మా ముందునుంచే పోయాడు. పోతూ మమ్మల్ని "టైమెంతైంది సార్?" అనడిగాడు. మా ముఖాలు చూసి మేం ఆమె తాలూకు అనుకోలేదు. చెప్పాం. "థాంక్స్ అండీ" అని పోయాడు.

ఆ రోజు మమ్మల్ని ఎక్కువ గుచ్చింది అతను మసీదా అన్న మాట కాదు. ఆ థాంక్స్.

ఇట్లాంటివి మాకు కొత్త కావు. మేనల్లుడు జపాన్ పోకముందు హైదరాబాదులో మూడేండ్లు పనిచేశాడు. ఫోనులో తెలుగు విని ఇల్లు ఇస్తామన్నోళ్లు, అడ్వాన్సు కాగితం మీద పేరు రాసేటప్పటికి మా తమ్ముడొస్తున్నాడు, మా అల్లుడొస్తున్నాడు అన్నారు. నాలుగో ఇంటికి వాడే ఫోనులో ముందు పేరు చెప్పడం నేర్చుకున్నాడు. జపాన్‌లో కూడా విదేశీయులకు ఇల్లు దొరకడం కష్టమేనట. "కానీ అక్కడ నేను ఉట్టి ఇండియన్నే మామా" అన్నాడు. పండగ నమాజుకు ఒసాకా నుంచి కోబె పోతాడట. అక్కడి మసీదు 1935లో కట్టింది, జపాన్‌లో మొదటిది. దాన్ని కట్టించిన వ్యాపారుల్లో మన దేశం నుంచి పోయినోళ్లూ ఉన్నారు. 1945 బాంబులకు చుట్టూ ఊరు కాలినా అది నిలిచింది, 1995 భూకంపానికీ నిలిచింది. ఒసాకాలో ఉంటూ వాడు సాయిబు కావడం నేర్చుకున్నాడు, కర్నూల్లో ఉన్న మేం దాచుకోవడం నేర్చుకున్నాం.

చెల్లెలు నమాజు ముగించి వచ్చి కూచుంది. ఎవరం మాట్లాడలేదు. టీ కూడా చల్లారిపోయింది. ఆ ఇబ్బంది చూడలేక మేనల్లుడు మళ్లీ తోట సంగతి ఎత్తుకున్నాడు. ఆ పదిహేను రాళ్లు పెట్టింది ఎవరో ఖాయంగా ఎవరికీ తెలియదట. ఎవరెవరో కళాకారుల పేర్లు చెప్తారు. అయితే ఒక రాయి వెనక వైపు ఇద్దరి పేర్లు చెక్కి ఉన్నాయి. ఒకటి కొతరో. వాళ్లు కవరమోనోలు అయ్యుంటారంటారు. కవరమోనో అంటే ఏటి ఒడ్డున ఉండేవాడు. ఆ కాలంలో పన్ను లేని ఇసుకతిన్నెల మీద గుడిసెలు వేసుకుని, చచ్చిన పశువుల తోళ్లు తీసి బతికిన జనం. అంటరానోళ్లు. మట్టి పని, రాతి పని, చెట్ల పని వాళ్ల చేతనే చేయించుకున్నారు. చేయగా చేయగా తోటల విద్య వాళ్లదైంది. జెన్‌అమి అనే కవరమోనో పదిహేనో శతాబ్దంలో యోషిమాస అనే షోగున్‌కు తోటలు వేసి పేరు తెచ్చుకున్నాడు. గుళ్లోకి రానీయని మనిషి వేసిన తోట ముందు కూచుని గుళ్లో ఉన్నోళ్లు ధ్యానం చేసుకున్నారు.

మాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన దూదేకే విల్లు ఇప్పటికీ మా అటక మీద ఉంది. నరం తెగిపోయింది, కర్ర నల్లబడింది. భుజాన విల్లేసుకుని ఊరూరా తిరిగి, ఇంటి ముందర చెట్టుకింద విల్లు కట్టి, పొద్దస్తమానం టంగు టంగుమని దూది ఏకి, ఆ దుమ్మంతా రొమ్ములోకి పీల్చి, రాత్రికి పరుపు కుట్టి ఇచ్చేవాడు. పెళ్లికూతురి పరుపు మా తాత చేతిదే. ఇంటి లోపల ఎక్కడ పరుస్తారో ఆయన ఎన్నడూ చూడలేదు. పెట్టిన అన్నం బయట అరుగు మీద. అరబ్బీలో హల్లాజ్ అంటే దూదేకేవాడని చాలా ఆలస్యంగా చదివాం. 922లో బాగ్దాదులో చంపేసిన మన్సూర్ హల్లాజ్ పేరు మీదే ఉత్తరాదిలో మా కులపోళ్లు మన్సూరీలని పిలుచుకుంటారు. మా తాతకు ఈ సంగతి తెలియదు. తెలిసుంటే విల్లు కొంచెం నిటారుగా మోసేవాడో ఏమో. ఫోము వచ్చాక ఆ పనే పోయింది. ఇప్పుడు మేం ఆ ఫోమే అమ్ముతున్నాం.

మా అమ్మ రాయి సంగతి దగ్గరే ఆగిపోయింది.

"పేర్లు ఎనకెందుకు చెక్కినార్రా? ముందర చెక్కుకోకూడదా?"

మేనల్లుడు జవాబు వెతుక్కుంటున్నాడు. ఈలోపల మా చెల్లెలు అంది, "ముందర చెక్కుతుంటే వాళ్ల అన్నలొచ్చి కార్లోకి పోయి చెక్కుకోండని ఉంటారులే అమ్మా."

పిల్లలు పకపకా నవ్వారు. మా ఆడోళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మేమూ నవ్వాం. నవ్వక చేసేదేముంది?

తిరిగొచ్చేటప్పుడు బండిలో చెల్లెలు ముందు సీట్లో అమ్మ పక్కన కూచుంది. మేం వెనక. కొంచెం దూరం వచ్చాక మేమే కదిలించాం. భయపడ్డాం అన్నాం. ఆ పిల్లోడు ఫోటో తీసి ఎక్కడన్నా పెడితే, దానికింద ఏమేం రాస్తారో, నీ కొడుకు ఉద్యోగానికి ఇబ్బందేమో, అన్నాం. అది నిజమే. అంతా నిజం కాదు. ఆ పెద్దమనిషి ముందర మేం ఆమె అన్నలమని తెలియడం మాకు ఇష్టం లేకపోయింది. ఆ మాట మాత్రం బండిలో అనలేదు, ఇప్పుడు రాస్తున్నాం.

"నాకు కోపం లేదన్నా" అంది చెల్లెలు. "నాకు అల్లా ఎనకైనా ఒకటే, ముందరైనా ఒకటే. మీకే ముందర వేరే, ఎనక వేరే."

ఇంకో మాట కూడా అంది. అది ఆమెకు ఎప్పుడూ ఉన్న బాధే. ఆదోనిలో ఆమె నమాజు చదివే ఆడోళ్లలో కొందరు ఆమెను ఇప్పటికీ దూదేకులామె అనే అంటారు. దువా తెలుగులో అడుగుతుందని నవ్వుతారు. ఓర్వకల్లులో సాయిబు అయినందుకు బండ వెనక్కి పోవాలి, ఆదోనిలో చాలినంత సాయిబు కానందుకు వరసలో చివరికి పోవాలి. 2007లో ముస్లింలలో వెనకబడ్డ తెగలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం ఇచ్చినప్పుడు కూడా ఇదే చర్చ ఊళ్లో నడిచింది. మీకెందుకు, మీరు ముందే బి లో ఉన్నారు గదా, మీరు మాలోవాళ్లు కాదు గదా అని. ఓట్ల లెక్కప్పుడు మాత్రం అందరూ మమ్మల్ని కలిపే లెక్కేస్తారు.

కర్నూలు ఇంకా అయిదు కిలోమీటర్లుందనగా చెల్లెలే మళ్లీ మాట్లాడింది. ఈసారి గండికోటకు పోదామంది. పెన్నా లోయ చూడాలని పిల్లలకు ఆశ. గండికోట మాకు తెలియనిది కాదు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట, 1650లో మీర్ జుమ్లా పట్టుకున్నాడు, 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి వచ్చి ఆయన్ను అక్కడే కలిశాడు. తర్వాత కడప నవాబులు, హైదరలీ, 1800లో కుంఫిణీ. లోపల మాధవరాయస్వామి గుడి ఉంది, రంగనాథుడి గుడి ఉంది, జుమ్మా మసీదు ఉంది, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం. అక్కడ కూడా ఒక తోట ఉండేదంటారు, పారేబాగ్. రాయలచెరువు నుంచి గొట్టాల్లో నీళ్లొచ్చి అక్కడ ఫౌంటెన్ చిమ్మేదట. రాయల పేరున్న చెరువు నీళ్లు, పారసీ పేరున్న తోటలో. గండికోటను బాగు చెయ్యడానికి 2024లో కేంద్రం డెబ్బై ఏడు కోట్ల పైచిలుకు మంజూరు చేసింది. తోటను కూడా బాగు చేస్తే బాగుండుననుకున్నాం.

"మసీదుంది గదా అక్కడ" అంది చెల్లెలు. "దాన్లో జొహరు చదవనిస్తారా?"

మాకు తెలిసినంతలో అది పురావస్తు శాఖ కాపాడే కట్టడం. అట్లాంటి చోట్ల శాఖ తీసుకునేనాటికి నమాజు నడుస్తుంటేనే నడుస్తుంది. లేకపోతే లోపలికి పోయి చూడొచ్చు, ఫోటో దిగొచ్చు, నమాజు చదవకూడదు. ఆ మాట చెప్పాం.

"అట్లని ఎవరు చెప్పినారు? పోయి అడిగినారా?"

అడగలేదు.

"అడగండి. మీరిద్దరే పోయి, పేర్లు చెప్పి అడగండి" అంది.

మేనల్లుడు ఒసాకా పోయి నాలుగు నెలలైంది. వారానికోసారి ఫోను చేస్తాడు. తల్లితో మాట్లాడాక ఫోను మాకిస్తుంది. "గండికోటలో అడిగినారా మామా?" అంటాడు. మా అమ్మ ఓర్వకల్లులో గుప్పెడంత పలుగురాయి ఒకటి చీర కొంగున కట్టుకొచ్చింది. ఊరగాయ జాడీ మూత మీద బరువుకు పెట్టుకుంది. ఇంకా అడగలేదని చెప్తున్నాం.